తమ్ముణ్ణి తాగుడు మాన్పించే నెల రోజుల సెంటర్‌లో చేర్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కోవూరు అక్క • ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయం ఇది. వయసు 36, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద పని. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. మొదట్లో పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున మాత్రమే తాగేవాడు, తర్వాత రాత్రి కాపలాకి పోయినప్పుడల్లా తాగాడు, ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికే మొదలు. పొద్దున లేవగానే చేతులు ఎంత వణుకుతాయంటే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం ఒలికిపోతుంది, ఒక క్వార్టరు కడుపులో పడితే గానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు. మొన్న పెద్ద పిల్ల వాళ్ల నాన్న ముందు నిలబడి గుండీలు పెడుతోంది. తొమ్మిదేళ్ల పిల్ల. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

తెలిసినవాళ్లు ఒక సెంటర్ నంబరు ఇచ్చారు. 28 రోజులకి 18 వేలు అన్నారు. అడ్వాన్సు కడితే రాత్రిపూట బండి పంపిస్తారంట, నలుగురు వచ్చి ఎత్తుకెళ్తారంట, పదిహేను రోజులు ఫోన్ ఉండదు, చూడ్డానికి రాకూడదు అన్నారు. మా మరదలు భయపడుతోంది. మా అమ్మ ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంది, ఆ దేవుడి మీదే భారం వేసి కూర్చుంది. ఏం చేయాలో చెప్పండి. రేపే డబ్బు కట్టమంటున్నారు.

ఒంగోలు బాబాయ్ • ఆదివారం రాత్రి 11:20

అమ్మా, రేపు డబ్బు కట్టొద్దు. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెప్తాను.

నేను మూడుసార్లు చేరిన మనిషిని. మొదటిసారి ఇట్టాగే రాత్రి బండిలో తీసుకెళ్లారు, మా ఆవిడే తలుపు తీసింది. ఆ నెలంతా నేను తాగుడు గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, మా ఆవిడ మీద పగే తలుచుకుంటూ కూర్చున్నా. బయటికొచ్చిన రోజు సాయంత్రం బస్టాండు పక్కనే తాగా. మూడోసారి నా కాళ్లతో నేను నడిచి వెళ్లా, అప్పటి నుంచి నాలుగేళ్లయింది, ముట్టలేదు.

కాబట్టి మీ తమ్ముడితో ముందు మాట్లాడండి. ఎప్పుడు మాట్లాడాలో కూడా చెప్తా. రాత్రి మాట్లాడితే అతనికి పొద్దునకి గుర్తుండదు, తెల్లవారి వణుకుతున్నప్పుడు మాట్లాడితే చెవికి ఎక్కదు. పొద్దున ఆ మొదటిది పడి వణుకు తగ్గాక, ఎనిమిది, తొమ్మిది మధ్య ఒక గంట మనిషి మనిషిలా ఉంటాడు. ఆ గంటలో మీరొక్కరే వెళ్లండి. బంధువులందర్నీ పోగేసి పంచాయితీ పెట్టొద్దు. "నువ్వు మారాలి" అనొద్దు, "నీ చేతులు అట్టా వణుకుతుంటే నాకు భయంగా ఉంది, డాక్టరుకి చూపిద్దాం రా" అనండి చాలు.

నర్సు, నెల్లూరు • ఆదివారం రాత్రి 11:48

నేను ఇరవై ఏళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. అక్కా, మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ పొద్దుటి వణుకు. అంటే శరీరం మందుకి పూర్తిగా అలవాటు పడిపోయింది. ఇలాంటి మనిషికి ఉన్నట్టుండి మందు ఆపేస్తే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదురుతుంది, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికి వచ్చారంటారు, జ్వరం, గుండె దడ. దాంట్లో ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. దీన్ని మొండితనం అనుకుని గదిలో పెట్టి తాళం వేసిన కుటుంబాలను నేను చూశాను.

ఈ వారం రోజులకి డాక్టరు ఉండాలి. వణుకు, ఫిట్స్ అదుపు చేసే క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందులు ముందు ఎక్కువ డోసులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తారు, లివర్ పరిస్థితిని బట్టి ఏ మందో నిర్ణయిస్తారు. థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్లు ఇస్తారు. ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపేస్తుంటారు. ఏళ్ల తరబడి తాగి సరిగా తినని మనిషికి బి1 వేయకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, చూపు తేడా చేస్తుంది, నడక తూలుతుంది. ఇది చాలామందికి తెలియదు, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నా.

సెంటర్‌కి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి రెండింటికి మా తమ్ముడికి ఫిట్స్ వస్తే అక్కడ ఎవరు ఉంటారు?" వాళ్లు నీళ్లు నమిలితే వద్దు.

అద్దంకి వాసి • సోమవారం ఉదయం 6:35

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ కోప్పడొద్దు. మా ఊళ్లో చాలామంది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. ఒక్క పైసా ఖర్చు లేదు. గట్టి మనసుంటే సెంటర్లెందుకు? మాల వేయించండి.

చీమకుర్తి క్వారీ • సోమవారం ఉదయం 7:10

అన్నా, మాల మీద నాకూ భక్తి ఉంది, ఆరుసార్లు వేశా. మా పాలిషింగ్ యూనిట్‌లో నాతో పనిచేసే అతను కార్తీకంలో మాల వేసుకున్న మూడో రోజు భజనలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు, నాలుక తెగింది. స్వామి ఆగ్రహం అన్నారు అందరూ. మందు ఒక్కసారిగా ఆపడం వల్ల అని ఒంగోలు రిమ్స్‌లో డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

ఇంకోటి. 41 రోజులు ఉన్నవాళ్లు కొండ దిగి మాల తీశాక తిరుగు ప్రయాణంలో ఎక్కడ ఆగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండే మనిషికి ఆఖరి రోజు పండగ. మాలైనా 28 రోజుల సెంటరైనా అంతే, నలభై రెండో రోజుకి, ఇరవై తొమ్మిదో రోజుకి ఏం ఆలోచించారన్నదే ప్రశ్న.

అద్దంకి వాసి • సోమవారం ఉదయం 7:42

ఫిట్స్ సంగతి నాకు తెలియదు. మా బావమరిది ఈ సంవత్సరం వేసుకుంటానంటున్నాడు, రోజూ తాగుతాడు. ముందు డాక్టరుకి చూపించి, మందులతో ఆపించి, ఆ తర్వాతే గురుస్వామి దగ్గరికి తీసుకెళ్తాను.

లాయరు గుమాస్తా • సోమవారం ఉదయం 9:05

ఆ "నలుగురు వచ్చి ఎత్తుకెళ్తారు" అన్నదాని గురించి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా చేర్చారు. అంటే ఇలా మనుషుల్ని చేర్చుకుని వైద్యం చేసే సెంటర్‌కి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది. మనిషి ఒప్పుకోకపోతే కుటుంబం చేర్పించే దారి కూడా చట్టంలో ఉంది, 89వ సెక్షన్. కానీ దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్ష చేయాలి, అందులో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు. తనకో ఎదుటివాళ్లకో హాని చేసే పరిస్థితి, లేదా తనను తాను చూసుకోలేని పరిస్థితి ఉండాలి. అదీ 30 రోజుల వరకే, ఆ పైన ఉంచాలంటే వేరే సెక్షన్ కింద మళ్లీ పరీక్షలు, రివ్యూ బోర్డు అనుమతి కావాలి. రాత్రి బండిలో వచ్చే నలుగురు డాక్టర్లు కాదు కదా.

గొలుసులతో కట్టేయడం ఆ చట్టంలో పూర్తిగా నిషేధం. ఫోన్ మాట్లాడే హక్కు, మనుషుల్ని కలిసే హక్కు కూడా రాసి ఉంది. వేళలు పెట్టుకోవచ్చు గానీ, పదిహేను రోజులు అసలు కుదరదంటే అడగాల్సిందే. ఉచిత న్యాయ సహాయానికి 15100 కి ఫోన్ చేయొచ్చు.

బుచ్చి కుర్రాడు • సోమవారం ఉదయం 11:30

మా నాన్నని అలాంటి చోటే పెట్టాం, పేరు రాయను. నెల తర్వాత వెళితే పదకొండు కిలోలు తగ్గి ఉన్నాడు. వీపు మీద బెల్టు దెబ్బలు. రోజూ పొద్దున బాత్రూములు కడిగించేవాళ్లంట, ఎదురు మాట్లాడితే పాత పేషెంట్లతో కొట్టించేవాళ్లంట. అక్కడ డాక్టరు నెలలో ఒక్కసారి వచ్చాడు. ఇప్పుడు మా నాన్న ఏ ఆసుపత్రి పేరెత్తినా వణికిపోతున్నాడు, షుగరు పరీక్షకి కూడా రాడు. సంతకం పెట్టింది నేనే. అక్కా, చేర్పించే ముందు లోపలికి వెళ్లి చూడండి, పడుకునే గది, వంటగది, బాత్రూమ్ మూడూ చూపించమనండి. ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టి పంపిస్తే లేచి వచ్చేయండి.

కలిగిరి టీచరమ్మ • సోమవారం మధ్యాహ్నం 2:15

నాన్నా బుచ్చి, నువ్వు మంచి జరుగుతుందనే పెట్టావు. ఆ బరువు నువ్వొక్కడివే మోయొద్దు.

మాది దూబగుంట పక్కన పల్లె. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైనప్పుడు దాన్ని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ గారి వెనక నడిచిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకామె. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా గురించి మాట్లాడుకున్నవాళ్లు, పొద్దున్నే సారా ప్యాకెట్ల బండికి అడ్డంగా నిలబడ్డారు. 1993 ఏప్రిల్ 15న ముందు మన నెల్లూరు జిల్లాలో సారా ఆపారు, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1995లో పూర్తి మద్యనిషేధం కూడా వచ్చింది, రెండేళ్లకే 1997లో తీసేశారు.

నేను ఆ ఉద్యమానికి రుణపడి ఉన్నాను, దాని వల్లే మా ఇంట్లో నేను చదువుకున్నాను. కానీ ఒక సంగతి మనసులో ఉండిపోయింది. సారా ఆగిన వారంలో మా నాన్న నులక మంచం మీద ముడుచుకుని పడుకుని మూడు రాత్రులు ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నాడు, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇప్పుడు ఈ నర్సమ్మ రాసింది చదువుతుంటే అది ఏమిటో అర్థమైంది. దుకాణం మూయించడం మా అమ్మవాళ్లు చేశారు, తాగేవాడికి వైద్యం ఉందని మాత్రం ఎవరూ మాకు చెప్పలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా రాత్రి బండి కథలు వినాల్సి రావడం నాకు కోపంగా ఉంది.

కావలి నాన్న • సోమవారం రాత్రి 8:40

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మావాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, గంజాయి. ఆర్నెల్లుగా రాత్రిళ్లు నిద్రపోడు, ఫోన్‌లో ఎవరో వింటున్నారంటాడు. సెంటర్‌కి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందేమోనని మా ఆవిడ ఆపుతోంది. గంజాయికి కూడా ఈ నెల రోజుల పద్ధతే ఉంటుందా?

నర్సు, నెల్లూరు • సోమవారం రాత్రి 9:30

అన్నయ్యా, గంజాయి ఆపితే మందు ఆపినట్టు ఫిట్స్ రావు. మొదటి వారం చిరాకు, నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు, కౌన్సెలింగే ముఖ్యం. కానీ "ఫోన్‌లో ఎవరో వింటున్నారు" అన్నారు చూడండి, దానికి సెంటర్ కంటే ముందు సైకియాట్రిస్టు కావాలి, ఈ వారమే. దానికి మందులున్నాయి. ఆలస్యం చేయకండి.

ఇంకో మాట, మీకు కాదు, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, హెరాయిన్ లాంటివి వాడేవాళ్లు నెల రోజులు లోపల ఉండి వస్తే శరీరానికి ఆ తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగి చనిపోతారు. వాళ్లకి బుప్రెనార్ఫిన్ లాంటి మందు నెలల తరబడి కొనసాగించాలి, నెలతో అయిపోయేది కాదు.

లాయరు గుమాస్తా • సోమవారం రాత్రి 10:02

కావలి అన్నా, వైద్యానికి తీసుకెళ్లినంత మాత్రాన కేసు పెట్టరు. 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, వాడకం కేసులోనో కొద్దిపాటి సరుకు కేసులోనో ఉన్న అలవాటుపడిన మనిషి తనంతట తాను వైద్యానికి వెళితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది, వైద్యం మధ్యలో మానేయకూడదు. భయపడి ఇంట్లో దాచుకోవద్దు. 14446 కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం. గ్రాంటుతో నడిచే సెంటర్లు దగ్గర్లో ఎక్కడున్నాయో వాళ్లని అడగొచ్చు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416, టెలీ మానస్.

ఆత్మకూరు కోడలు • మంగళవారం ఉదయం 5:50

నేను చాన్నాళ్లుగా చదవడమే గానీ రాయలేదు. మా ఇంట్లో వాళ్లకి తెలియకుండా సాంబారులో కలిపే పొడి ఒకటి నాకూ అమ్మారు, మూడు వేలు. నా భర్త అది తిన్న రాత్రి తాగొచ్చి మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి చల్లబడిపోయాడు. చచ్చిపోయాడనుకున్నా. పొడిలో ఏముందో ఇప్పటికీ తెలియదు. తర్వాత డాక్టరు చెప్పారు, డైసల్ఫిరామ్ అని ఒక మాత్ర ఉంటుంది, అది వేసుకుని తాగితే ఇట్టాగే అవుతుంది, అందుకే మనిషికి చెప్పి, ఒప్పుకుని సంతకం పెట్టాకే ఇస్తారు, ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది అని. అక్కలూ, చెప్పకుండా ఏదీ కలపొద్దు. నేను ఆ రాత్రి ఆయన కాళ్లు రుద్దుతూ కూర్చున్న మూడు గంటలు ఎవరికీ రాకూడదు.

ఒంగోలు బాబాయ్ • మంగళవారం ఉదయం 8:15

తల్లీ, రాసి మంచి పని చేశావు.

మంచి సెంటర్‌లో నెల ఎలా ఉంటుందో నేను చెప్తా, నా మూడోసారి సంగతి. మొదటి అయిదారు రోజులు మంచం మీదే, మాత్రలు, ఇంజెక్షన్లు, నిద్ర. ఏడో రోజు ఆకలి పుట్టింది, రెండు ఇడ్లీ తిని ఇంకో రెండు అడిగితే వంటామె నవ్వింది. ఆ తర్వాత రోజూ గ్రూపులో కూర్చుని మాట్లాడాలి. నా వంతు వచ్చినప్పుడు నాలుగు రోజులు "ఏం లేదు, పాస్" అన్నా. అయిదో రోజు నెల్లూరు లారీ డ్రైవరు ఒకతను వాళ్ల కూతురి పెళ్లి చీర అమ్మేసి తాగిన సంగతి చెప్పాడు. నేను మా అబ్బాయి ఫీజు డబ్బు తాగాను, అప్పటిదాకా పర్సు పోయిందనే అందరికీ చెప్పా. ఆ రోజు నోరు విప్పా. అది ఇంట్లో కూర్చుంటే జరిగేది కాదు, సెంటర్‌కి డబ్బు ఇచ్చేది అందుకే. మూడో వారంలో మా ఆవిణ్ణి పిలిపించారు, ఆమెకి వేరేగా కౌన్సెలింగ్ పెట్టారు.

మీకు చెన్నై దగ్గరే కదమ్మా. 1980లో శాంతి రంగనాథన్ గారు మొదలుపెట్టిన, తాగుడు మాన్పించే టీటీకే ఆసుపత్రి అక్కడే ఉంది. భర్తను తాగుడుకి పోగొట్టుకున్న మనిషి ఆమె, కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టడం అక్కడ వైద్యంలో భాగం. డబ్బు ఇబ్బందైతే ముందు మన పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. మొదటి వారం అక్కడ గడిచిపోతే, తర్వాత ఎక్కడ చేర్చాలో నిదానంగా చూసుకోవచ్చు.

కోవూరు అక్క • గురువారం రాత్రి 9:20

అందరి మాటలూ మా మరదలికి చదివి వినిపించాను. ఆ సెంటర్ అతనికి ఫోన్ చేసి ఫిట్స్ వస్తే ఎవరుంటారని అడిగితే "మాకు అనుభవం ఉందమ్మా" అన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే ఫోన్ పెట్టేశాడు.

బాబాయ్ గారు చెప్పినట్టే నిన్న పొద్దున ఎనిమిదిన్నరకి గుంట గట్టు మీదికి నేనొక్కదాన్నే వెళ్లా. ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడులో మేం మాట్లాడేది ఎవరికీ వినపడదు. మేత బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ అనకముందే "పాప గుండీలు పెట్టింది చూశావు కదా" అన్నాడు. అంతే, ఇద్దరం ఏడ్చాం. "ఈ రోజే వెళ్దామా?" అంటే "ఈ రోజే, రేపటికి మాట మార్చేస్తాను" అన్నాడు. మధ్యాహ్నానికి నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి వణుకు బాగా వచ్చింది, మాత్ర డోసు పెంచారు, ఫిట్స్ రాలేదు. వారం ఇక్కడుంచి, తర్వాత డాక్టరు చెప్పిన సెంటర్‌లో మూడు వారాలు. ముందు నేను వెళ్లి ఆ మూడు గదులూ చూసొస్తాను, బుచ్చి తమ్ముడూ.

కోవూరు అక్క • నెల తర్వాత, శనివారం సాయంత్రం 6:10

మొన్న ఇంటికొచ్చాడు. నిన్న పొద్దున పెద్ద పిల్ల అలవాటుగా వాళ్ల నాన్న ముందుకొచ్చి నిలబడింది, అప్పటికే ఆయన చొక్కా వేసేసుకుని ఉన్నాడు, ఏం చేయాలో తెలియక కాసేపు అట్టాగే నిలబడి బడికి వెళ్లిపోయింది. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర రాసిచ్చారు, లివర్ పరీక్ష చేశాకే మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి ఓపీకి రమ్మన్నారు. రాత్రి కాపలా మాన్పించాం, మా ఆయన వెళ్తున్నాడు.

ఇప్పుడు భయమంతా వచ్చే మంగళవారం గురించి. గుంట పట్టుబడి ఆ రోజే. కొనేవాళ్లు, కూలీలు, సీసాలు, అంతా గట్టు మీదే. తను లేకపోతే కాటా దగ్గర మోసం జరుగుతుందని వెళ్తానంటున్నాడు. పంపాలా?

ఒంగోలు బాబాయ్ • శనివారం సాయంత్రం 6:45

పంపొద్దమ్మా, ఈసారికి వద్దు. కాటా దగ్గర నాలుగు కిలోలు పోతే పోయాయి. "నీ మీద నమ్మకం లేదు" అనకండి, "మొదటి మూడు నెలలు పట్టుబడులు మా ఆయన చూస్తాడు, నాలుగో నెల నుంచి నువ్వు చూడు" అనండి, గడువు ఉంటే మనిషి ఒప్పుకుంటాడు. ఆ రోజు ఇంట్లో ఊరికే కూర్చోబెట్టొద్దు. ఒంగోలుకి పంపండి, మధ్యాహ్నం నాతో ఉంటాడు, సాయంత్రం మా ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగ్‌కి తీసుకెళ్తాను, రుసుమేమీ ఉండదు, పేరు కూడా పూర్తిగా చెప్పక్కర్లేదు. రైలు దిగేటప్పటికి స్టేషన్‌లో ఉంటా. నంబరు మీకు విడిగా పంపిస్తున్నా.

కోవూరు అక్క • శనివారం సాయంత్రం 7:30

అడిగాను. "బాబాయ్‌కి చేపల పులుసు ఇష్టమేనా అడుగు, తీసుకెళ్తా" అన్నాడు. మంగళవారం పొద్దున రైలుకి టికెట్ తీస్తున్నాం.